చిన్నమూట కోసం ఒక విల్లు

వేవాక్
ఏప్రిల్ 6, 1986

గౌరవనీయులైన బావగారికి,

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మీ చెల్లెలు బిబియానా ఆసుపత్రిలో నర్సు డ్యూటీలతో, నేను పడవ ఇంజన్ల షెడ్డులో గ్రీజుతో తలమునకలుగా ఉన్నాం. పిల్లాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు, మొన్న స్పార్కు ప్లగ్గు కూడా. కవరు మీద మీ పేరు మీ చెల్లెలే రాసింది. భార్య తరఫు వాళ్ళ పేర్లు నోటితో పలకడం, చేత్తో రాయడం మీ కొండ మీద ఎంత తప్పో మా ఒడ్డునా అంతే తప్పు. ఆ ఒక్క విషయంలో మన రెండు ఊళ్ళూ ఒకటే.

అసలు విషయానికి వస్తాను. మీ అమ్మగారు ఈస్టరుకి వచ్చి వెళ్ళినప్పటి నుంచి మీ చెల్లెలు నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. చర్చి పుస్తకంలో పిల్లాడి పేరు లూకాస్ అని రాయించాం కదా, అత్తగారు ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "మేనమామ పెట్టంది పేరెలా అవుతుంది?" అని, వాణ్ణి "చిన్నమూటా, చిన్నమూటా" అంటూ ఎత్తుకు తిరిగారు. ఇప్పుడు మా వీధి వీధంతా వాణ్ణి చిన్నమూట అనే అంటోంది.

సెప్టెంబరులో పెండలం పండగ నాడు మీరు వాడికి పేరు పెట్టాలి. పెట్టాలంటే నేను స్వయంగా విల్లు పట్టి కొట్టిన మాంసం మీకు తినిపించాలి. అంతేగా? ఆ పండగ దాటితే మీ ఊళ్ళో మళ్ళీ పెండలం గాదె తెరిచేది రెండేళ్ళకని మీ చెల్లెలు చెప్పింది. రెండేళ్ళు నా కొడుకు మూటగానే ఉండిపోవాలా?

నేను విల్లు ముట్టుకున్న పాపాన పోలేదు. నీళ్ళలో చేపని బల్లెంతో పొడవడం మాత్రం వచ్చు. నలభై గుర్రాల ఇంజను ఒక్కణ్ణే భుజానికెత్తుకుంటాను కాబట్టి బలానికి లోటు లేదు. కొత్తవాడు ఎలాంటి విల్లు ఎంచుకోవాలో దయచేసి తెలియజేయగలరు. సంతలో మాంచి నల్లటిది, ఈకలు కట్టినది ఒకటి నా కంట పడింది.

మీ విధేయుడు,
క్లెమెంట్


సాబుల్ ఊరు
ఏప్రిల్ 27

బావా,

"గౌరవనీయులైన" అని చూసి ఆ ఉత్తరం నాది కాదనుకుని ఫాదరుగారి చేతిలో పెట్టబోయాను. ఇంకోసారి అలా రాశావంటే విప్పకుండానే తిప్పి పంపేస్తా.

ముందు ఒక మాట. ఒడ్డు మనిషివి కాబట్టి విడమరిచి చెప్తున్నాను. మా కొండ మీద వేటాడినవాడు తన వేట తాను తినడు. అది నీకు తెలుసు. విల్లు చెక్కినవాడూ తినకూడదు, ఇది తెలుసో లేదో. ఆ వింటి మీద చెయ్యి పడిందంటే ఆ వేట మీదా పడ్డట్టే. పిల్లాడికి పేరు పెట్టాల్సింది నేను, పెట్టేముందు ఆ మాంసం తినాల్సిందీ నేనే. కాబట్టి ఊళ్ళో ఎందరికో విళ్ళు చెక్కిచ్చినవాణ్ణి, సొంత బావకి మాత్రం చెక్కివ్వలేను. కనీసం బద్ద కూడా కోసి ఇవ్వకూడదు. నోటితో చెప్పొచ్చా అని విళ్ళు చెక్కడంలో మా అందరికీ పెద్దవాడైన ముసలి మేనోని అడిగితే, "నోటికి చెయ్యి లేదు కదా, చెప్పుకో" అన్నాడు. అందుకని చెప్తున్నాను, విను.

సంతలో ఈకలు కట్టింది వద్దు. అది గోడకి తగిలించుకునే విల్లు. తెల్లవాళ్ళు కొనుక్కుని విమానం ఎక్కిస్తారు. ఆ నలుపు కూడా దానిది కాదు, పాత బ్యాటరీల మసి. అసలైన నల్లతాడి చెక్క అయితే దాని నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా పోతుంది. మధ్యలో ఎక్కడ తెగితే విల్లు అక్కడే విరుగుతుంది. నిలబెడితే నీ కనుబొమ్మ దాకా రావాలి. అల్లెతాడు వెదురు బద్దది ఉండాలి, నైలాను తాడు చూపించాడంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్.

ఇక బలం సంగతి. నలుగురూ చూస్తుండగా ఒక్కసారి లాగి మీసం మెలేసే విల్లు నీది కాదు బావా. లాగి అలాగే పట్టుకుని, దవడలో వక్క తీరిగ్గా నమలగలిగితే అదీ నీ విల్లు. పంది నీ కోసం తొందరపడదు.

అమ్మ బాగుంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. పళ్ళతో వక్క పటుక్కున కొరికి, "ఆ అల్లుడు వచ్చినప్పుడల్లా డబ్బా చేపలు తెస్తాడు. చచ్చేలోగా అతను కొట్టిన పంది కొవ్వు ఒక్క ముక్క తింటే చాలు" అంది. పంది కొవ్వంటే దానికి ప్రాణమని తెలుసుగా! కాబట్టి ఆశగా కూర్చున్న నోళ్ళు ఇక్కడ రెండున్నాయి.

నీ బావ,
కోస్మస్


వేవాక్
మే 18

బావగారికి,

మీ ఉత్తరం రావడం రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజుల్లోనే నేను ఈకల విల్లు తెచ్చేసుకున్నాను. తప్పు పోస్టు విమానానిది.

చూడ్డానికి ఎంత బాగుందనుకున్నారు! పెరట్లో నిలబడి, బాణం ఎందుకులే ముందు విల్లు చూద్దామని, చెవి దాకా లాగి వదిలాను. ఫట్‌మని మధ్యకి విరిగింది. పై ముక్క వచ్చి నా పెదవి మీద కొట్టింది. ఈకలు మాత్రం పెరడంతా ఎగిరాయి, పిల్లాడు చప్పట్లు కొట్టాడు. మీ చెల్లెలే ఆసుపత్రికి తీసుకెళ్ళి కుట్లు వేసింది. వేస్తూ, "ఏం తగిలింది, మగ పందా ఆడ పందా?" అని అడిగింది. పక్కనున్న నర్సులందరూ నవ్వారు. పెదవి వాచిపోయి నేను నవ్వలేకపోయాను కానీ బావగారూ, నాకూ నవ్వొచ్చింది.

ఒక పోలీసాయన దగ్గర మంచి విల్లు ఉందని విన్నాను. ఎత్తు కొండల మనిషి. రేపు వెళ్ళి చూస్తాను.

క్లెమెంట్


సాబుల్
జూన్ 8

బావా,

బాణం లేకుండా లాగి వదిలావా! అయ్యయ్యో అంటూ ఊరంతా నోరు నొక్కుకుంది. ఇక్కడ పాకే పిల్లలక్కూడా తెలుసు, బాణం లేకపోతే ఆ దెబ్బంతా విల్లే తింటుందని. నీ ఉత్తరం మగవాళ్ళ ఇంటి ముందు చదివాను. మేనో నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. ఇంకోసారి చదవమని నా చేత చదివించారు. నీ పేరు ఇక్కడ మారుమోగిపోతోంది బావా, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

అమ్మ మాత్రం నవ్వలేదు. "పెదవి మానిందా?" అని అడిగింది. తర్వాత ఏదో ఆలోచించి, "రొమ్ము నుంచి వేలి కొస దాకా అల్లుడి చెయ్యి ఎంత పొడవుంటుందో అడుగు" అంది. ఎందుకే అంటే, "ఊరికే" అంది. పండగకి నీకు సంచీ అల్లి మెళ్ళో వేస్తుందేమో. దారం కొలిచి ముడివేసి కవర్లో పెట్టు. ఎత్తు కూడా రాయి.

పోలీసు విల్లు జోలికి పోకు. ఎత్తు కొండలవాళ్ళ విళ్ళు యుద్ధానికి చెక్కినవి. వాళ్ళు పుట్టగానే దాన్ని లాగుతూ పెరుగుతారు. నువ్వు ఎత్తే ఇంజను ఎత్తాక కదలకుండా భుజం మీదే ఉంటుంది. విల్లు అలా కాదు, లాగిన క్షణం నుంచీ నీతో పోట్లాడుతూనే ఉంటుంది.

మేనోని చెక్కమని అడిగాను. పాపం, చేతులు వణుకుతున్నాయి. సున్నం బుర్రలో పుల్ల కూడా సరిగ్గా దించలేకపోతున్నాడు. "నా విళ్ళ కాలం అయిపోయింది నాయనా" అన్నాడు. మిగిలినవాళ్ళందరికీ ఆ పంది మీదే కన్ను. చెక్కితే తినకూడదని ఒక్కడూ ముందుకి రావట్లేదు, తిండిపోతు వెధవలు.

కోస్మస్


వేవాక్
జూలై 1

బావగారికి,

మీరు వద్దన్నారు, నేను వెళ్ళాను. ఆయన చెయ్యి నా తొడంత ఉంది. విల్లు అరువిచ్చాడు. ఒక్కసారి లాగగలిగాను, వీధంతా చూసింది. రెండోసారి చెయ్యి గజగజ వణికి, బాణం ఎటు పోయిందో అనుకునేలోగా పక్కింటి నీళ్ళ ట్యాంకులోంచి ధార మొదలైంది. ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "దండం పెడతా బాబూ, ఆ కొబ్బరిచెట్టుకి ఇంకోటి కొట్టు, కాయలు రాలతాయేమో" అందొకావిడ. ట్యాంకుకి వెల్డింగు చేసిచ్చాను. విల్లు తిరిగిచ్చేశాను.

బావగారూ, నిజం చెప్తున్నాను, నాకు ధైర్యం చాలట్లేదు. పండగ దగ్గర పడుతోంది. చేతిలో విల్లు లేదు, ఉన్నా కొట్టడం రాదు. నిన్న పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే కొత్త గుమాస్తా పేరడిగాడు. నేను లూకాస్ అంటున్నాను, వాడేమో చిన్నమూట అంటేనే తిరిగి చూస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టైంది.

మా షెడ్డు యజమాని దగ్గర తుపాకీ ఉంది. దాంతో అయితే పందిని నేనే కొడతాను. మాంసం మాంసమే కదా? మీరు మీ పెద్దవాళ్ళకి ఒక మాట చెప్పి చూడలేరా?

మీరు అడిగిన దారం ఇందులో పెట్టాను. నా ఎత్తు మా ఇంటి తలుపుకి జానెడు తక్కువ. తలుపు ఎంతో మీ చెల్లెల్ని అడగండి, నాకు కొలిచే ఓపిక లేదు.

క్లెమెంట్


సాబుల్
జూలై 20

బావా,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది. నీకు తెలియాలని రాస్తున్నాను. తుపాకీ మాట ఇంకోసారి ఎత్తకు. తుపాకీ చప్పుడు విన్న మాంసంతో పేరు పెడితే పిల్లాడికి చెవుడొస్తుందంటారు మావాళ్ళు. అది నిజమో కాదో నాకు తెలీదు. కానీ నేను ఆ మాంసం నోట్లో పెట్టను, అది మాత్రం నిజం. నా మేనల్లుడి కోసం వాళ్ళ నాన్న ఒళ్ళు వంచి, దడదడలాడే గుండెతో తెచ్చిన ముక్క కావాలి నాకు. వేలితో మీట నొక్కిన ముక్క కాదు.

కోపం అయిపోయింది. తల కొట్టేసినట్టైందన్న చోట నాకూ మనసు బాధపడింది. నేను మాత్రం చూస్తూ ఊరుకున్నానా? నల్లతాడి చెట్టు చూసినప్పుడల్లా చేతులు దురద పెడుతున్నాయి. నేనే చెక్కేసి ఎవరో ఇచ్చారని అబద్ధం చెప్పేద్దామని కూడా అనుకున్నాను. అలా పెట్టిన పేరు పిల్లాడికి అంటుతుందా అని భయమేసి మానేశాను.

నువ్వు మాత్రం చేతులు కట్టుకు కూర్చోకు. వెదురుతోనైనా ఒకటి వంచుకుని అరటిబోదెకి కొడుతూ ఉండు. దగ్గర నుంచే కొట్టు, రోజూ కొట్టు. చేతికి అలవాటు కావాలి.

ఇక్కడ మా ఇంట్లో అన్నీ వింతలే. విల్లు నున్నగా గీకే నా పందికోర పోయింది. మా నాన్న నాటిది. పిల్లల్ని కొట్టాను, కుక్కని తిట్టాను, దొరకలేదు. అమ్మ తోటలో గుడిసె వేసుకుని అక్కడే పడుకుంటోంది. పందులు చేమ తవ్వేస్తున్నాయి, కాపలా కాస్తానంటుంది. మొన్న వచ్చినప్పుడు చూస్తే అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. ఏంటే ఇది అంటే, "పిండి కోసం సగ్గు చెట్టు బోదె చెక్కితే ఇంతే మరి" అంది. ఈ వయసులో సగ్గు నువ్వెందుకు చెక్కడం అని అరిచాను. నా మాట ఎప్పుడు విన్నది కనక!

కోస్మస్


వేవాక్
ఆగస్టు 17

బావా! బావా! బావా!

ఈసారి 'గారు' లేదు, మర్యాద లేదు. విల్లొచ్చింది!

నిన్న మీ కొండ నుంచి వచ్చిన ట్రక్కువాడు మా షెడ్డు ముందు ఆగి, తాటిమట్టలో చుట్టిన పొడుగాటి మూట దించి వెళ్ళిపోయాడు. ఎవరు పంపారంటే, "దారిలో ఒకడు ఇచ్చాడు, వాడికెవరో ఇచ్చారట" అన్నాడు. ఉత్తరం లేదు, పేరు లేదు. లోపల విల్లు, నాలుగు బాణాలు, వెదురు ములుకులు ఆకులో చుట్టి ఉన్నాయి.

బావా, దాని నార చూశాను, కొస నుంచి కొస దాకా చేత్తో తడుముతూ చూశాను. ఒక్క చోట తెగలేదు. నిలబెడితే సరిగ్గా నా కనుబొమ్మ దాకా వచ్చింది. లాగి పట్టుకుని వక్క నమిలాను. మీ చెల్లెలు సున్నం అందిస్తే అది కూడా నాకాను, అయినా చెయ్యి వణకలేదు. "పెళ్ళి రోజు కూడా ఇంత సంబరపడలేదు" అని మూతి ముడుచుకుంది. అరటిబోదె తూట్లు పడిపోయింది. పక్కింటావిడ మాత్రం ట్యాంకు ముందు రేకు అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు నిజం చెప్పు. నా కొలతకి ఇంత సరిగ్గా చెక్కాలంటే నా దారం ఎవరి దగ్గరుంది? నీ దగ్గరేగా! నువ్వే చెక్కావా? చెక్కి ఉంటే ఈ విల్లు గోడకి తగిలించేస్తాను, దీనితో కొట్టింది నువ్వు తినలేవు, పేరు పెట్టలేవు. నా మీద జాలితో పిల్లాడి పని పాడు చెయ్యకు బావా. నీ మాట వచ్చేదాకా నిద్రపట్టదు.

క్లెమెంట్


సాబుల్
ఆగస్టు 26

బావా,

విమానం కదిలే ముందు గబగబా రాస్తున్నాను. ఆ వింటి మీద నా చెయ్యి పడలేదు. నా పిల్లల మీద ఒట్టు. మేనో కూడా తనది కాదన్నాడు. దారం అమ్మకిచ్చాను, సంచీ కోసమనుకున్నాను, అది తోటలో ఎక్కడో పారేసుకున్నానంటోంది. ఎవడికి దొరికిందో, ఎవడు చెక్కాడో, అడిగినవాడల్లా తల అడ్డంగా ఊపుతున్నాడు.

ఎవరైతేనేం, చెక్కినవాళ్ళు ఒకళ్ళున్నారు. పండగ రోజు వాళ్ళు ఆ మాంసం ముట్టరు. అది వాళ్ళకీ వాళ్ళ నోటికీ సంబంధించిన సంగతి. నేను మాత్రం నిక్షేపంగా తింటాను. మా నాన్న పేరు పిల్లాడికి పెడతాను, ఎప్పుడో అనుకున్నదే.

అమ్మకి చెప్తే, "వచ్చింది కదా, కొట్టమను. వాన ఎక్కణ్ణుంచొచ్చిందని అడుగుతూ కూర్చుంటామా?" అంది.

రండి. చిన్నమూటని ఎండలో తిప్పకండి.

కోస్మస్


వేవాక్
అక్టోబరు 5

బావా,

ఇల్లు చేరాం. ట్రక్కులో పిల్లాడు నా ఒళ్ళో, విల్లు మీ చెల్లెలి ఒళ్ళో. రెండింటిలో దేన్ని జాగ్రత్తగా పట్టుకున్నామంటే చెప్పలేను.

పండగ గోలలో నీకు అడవిలో జరిగింది చెప్పనే లేదు. పేరు పెట్టేవాడు వేటగాడి వెంట నడవకూడదని నువ్వు ఊళ్ళో ఉండిపోయావు కదా. మేనో నన్ను వాగు అవతలకి తీసుకెళ్ళాడు. బయల్దేరే ముందు నా విల్లు తీసుకుని, పైకొస మీద బొటనవేలు తిప్పుతూ చాలాసేపు తడిమాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఏంటి తాతా అంటే, "ఏం లేదు, పద" అన్నాడు.

పందుల కోసం కొట్టి పడేసిన సగ్గు చెట్టుకి ఎదురుగా ఆకుల చాటున కూర్చోబెట్టి ఆయన వెళ్ళిపోయాడు. దోమలు పీక్కుతిన్నాయి. రెండు రోజులు ఒక్క పంది కూడా రాలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చింది. నేను విల్లు లాగాను. అది సగ్గు వైపు రాకుండా అక్కడే నిలబడి గాలి వాసన చూస్తోంది. బావా, నేను లాగి పట్టుకునే ఉన్నాను. కాలి మీద చీమ పాకుతోంది, కంట్లోకి చెమట కారుతోంది, పోలీసాయన విల్లయితే ఈపాటికి బాణం చంద్రమండలం దాటేది. ఇది మాత్రం నాతో పోట్లాడలేదు, నాతో పాటే ఓపిక పట్టింది. పంది రెండడుగులు వేసి పక్కకి తిరిగింది. వదిలాను. వాగు దాకా పరుగెత్తి పడిపోయింది. నేను కూలబడి ఏడ్చేశాను. నన్ను వెతుక్కుంటూ వచ్చిన మేనో అది చూశాడు, నీకు చెప్పే ఉంటాడు, అందుకే నేనే చెప్పేస్తున్నాను.

ఇప్పుడు నీ మీద నా ఫిర్యాదు. మీ నాన్న పేరు పెడతానని రాశావు. మీ చెల్లెలికీ అదే చెప్పావు. ఊరందరి ముందు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, అటూ ఇటూ చూసి, వేరే పేరు పలికావు! కలలో వచ్చిందన్నావు. పెద్దవాళ్ళు గుసగుసలాడారు, మీ చెల్లెలు గుడ్లప్పగించింది. ఆ పేరు ఎవరిదో ట్రక్కులో చెప్పింది, అత్తగారి నాన్నగారిదట.

మీ నాన్న పేరైనా నేను పలకకూడనిదే. ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి ఏడాదిగా మీ చెల్లెలూ నేనూ ఒప్పందం చేసుకున్నాం, చర్చిలో మీ నాన్నకి పెట్టిన పేరుతో నేను పిలుచుకునేట్టు, పోయినవాళ్ళ చర్చి పేరు పలికితే తప్పు లేదట కాబట్టి. ఇప్పుడు ఈ ముత్తాతగారికి చర్చి పేరు కూడా లేదట! పేరు కోసం ఏడాది ఎదురుచూసి, పెదవి కుట్టించుకుని, ట్యాంకు పగలగొట్టి, చివరికి నా కొడుకుని నేను పిలవలేని పేరు తెచ్చుకున్నాను. ఈ ఉత్తరంలో కూడా రాయలేను. ఎందుకిలా చేశావు?

క్లెమెంట్


సాబుల్
అక్టోబరు 26

బావా,

ఇది చదివి పొయ్యిలో పెట్టు. బిబియానాకి చెప్పు, ఇంకెవరికీ చెప్పకు.

పండగ రోజు మొదటి ముక్క నేను నములుతుండగానే ఆకులు అందరి ముందుకీ వెళ్ళాయి కదా. అమ్మ ముందు పెట్టింది ఏ ముక్కో నీకు తెలీదు. మెడ కింద తెల్లగా, బొటనవేలంత మందాన ఉన్న కొవ్వు. నేనే ఏరి పెట్టించాను. అమ్మ దాన్ని చూసింది. వేలితో ఆకుని పక్కకి నెట్టి, "పన్ను నొప్పిగా ఉంది, పిల్లలకి పెట్టండి" అంది.

పన్ను నొప్పా! ఆ పొద్దున్నే మూడు పచ్చి వక్కలు కొరికింది నా ఎదురుగా. అమ్మ చేతులు చూశాను. తోటలో గుడిసె, పోయిన పందికోర, నీ దారం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నీ విల్లు గుంజకి ఆనించి ఉంది. దాని పైకొస మీద గీత చూశాను. అలాంటి గీత మా ఇంటి చూరులో ఉన్న పాత విల్లు మీద కూడా ఉంది. అది చెక్కింది అమ్మ వాళ్ళ నాన్న, సేలప్ తాత.

ఆయన విళ్ళ కోసం మూడు కొండల అవతల నుంచి వచ్చేవాళ్ళట. కొడుకులు లేరు, అమ్మ ఒక్కతే. చెక్క కదలకుండా రెండో కొస పట్టుకునేది అమ్మే. ఆడవాళ్ళు విల్లు చెక్కకూడదు కాబట్టి పట్టుకోవడమే, అంతే. అలాగని మేం అనుకున్నాం. పేరు పెట్టేది మేనమామ కదా, తన నాన్న పేరే పెడతాడు, మరి ఆయనకి కొడుకే లేకపోతే ఆ పేరు ఎవరు అందిస్తారు? ఆయనతోనే అది పోయింది. అమ్మ చిన్నప్పటి నుంచీ ఒక్కసారి కూడా ఆ పేరు ఎవరూ పెట్టుకోగా వినలేదు.

నోరు తెరిచాను బావా, మా నాన్న పేరు చెబుదామనే తెరిచాను. సేలప్ అని వచ్చింది. నిన్ను తల్చుకోలేదు, నువ్వు పలకలేవని గుర్తే లేదు. అప్పుడు నాకు అమ్మ తప్ప ఎవరూ కనపడలేదు. అందుకు నన్ను తిట్టుకో, పడతాను.

అందరూ వెళ్ళాక పక్కన కూర్చుని, "అమ్మా, పన్ను ఎలా ఉంది?" అని అడిగాను.

"పేరు విన్నాక తగ్గింది" అంది.

అప్పటికి మాంసం అయిపోయింది. సగ్గు ముద్ద ఒకటి తీసుకుని తింది. తింటూ, "అల్లుడు లాగి ఎంతసేపు పట్టుకున్నాడట?" అని అడిగింది. మేనో చెప్పినదంతా చెప్పాను. నువ్వు ఏడ్చింది కూడా. చేతులు తుడుచుకుని, "నడుము దగ్గర ఇంకొంచెం పల్చగా గీకి ఉండాల్సింది" అంది.

కోస్మస్


వేవాక్
నవంబరు 16

బావా,

ఉత్తరం పొయ్యిలో పెట్టాం. పెట్టేముందు మీ చెల్లెలు దాన్ని గుండెకి ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత మళ్ళీ ఏడ్చింది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అన్నం మాడిపోయింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. పలకలేకపోతే ఏం? బిబియానా పిలుస్తుంటే వింటున్నాను. వాడు తల తిప్పి చూస్తున్నాడు, మొదటి రోజు నుంచే. నేను మాత్రం చిన్నమూటా అనే పిలుస్తాను. పెట్టింది అత్తగారే కదా, అదీ ఆవిడిచ్చిన పేరే.

అత్తగారితో నేను నేరుగా మాట్లాడకూడదు కాబట్టి నువ్వు చెప్పు. ట్రక్కు డ్రైవర్ని బతిమాలి తెప్పించిన నల్లతాడి బద్ద ఒకటి షెడ్డులో ఉంది. దాన్ని నేనే చెక్కుతున్నాను, ఇంకెవరి చెయ్యీ పడకుండా. ఇప్పటికి రెండు పాడుచేశాను. నా విల్లు పక్కన పెట్టుకుని చూస్తూ గీకుతున్నాను, నడుము దగ్గర ఇంకొంచెం పల్చగా. మూడోది వంకరగా ఉంది కానీ విరగలేదు. పైకొసన గీత మాత్రం పెట్టలేదు, అది పెట్టే హక్కు నాకు లేదు.

ఆ పందికోర ఆవిడ దగ్గర ఇంకా ఉంటే నాకు పంపమను. తోటలో దొరికిందని చెప్పి పంపమను, నేను నమ్ముతాను.

క్రిస్మస్‌కి వస్తున్నాం. ముందు వారం నేను వాగు అవతల ఉంటాను. కొవ్వున్నదే కొడతాను, మెడ కింద ముక్క ఎవరికని అడక్కు. ఈసారి పన్ను నొప్పంటే మాత్రం ఒప్పుకునేది లేదు, ఆసుపత్రి నర్సుని వెంటబెట్టుకునే వస్తున్నానని చెప్పు.

నీ బావ,
క్లెమెంట్